విజయనగరంలో పాతికమందితో ఒక్కరోజు ఫర్రీ మీట్: ముందు ఏం చూసుకోవాలి?

చంపావతి_నక్క:

అన్నలకీ అక్కలకీ నమస్తే. ఈ చలికాలంలో విజయనగరంలో ఒక్కరోజు ఫర్రీ మీట్, అంటే మనుషుల్లా నడిచి మాట్లాడే జంతు పాత్రలంటే ఇష్టపడే మనలాంటివాళ్ల కూడిక, పెడదామని అనుకుంటున్నాం. విశాఖ, శ్రీకాకుళం, పార్వతీపురం నుంచి వచ్చేవాళ్లతో కలిపి పాతికమంది తేలారు. ఐదుగురికి ఫుల్ సూట్లు, అంటే తల నుంచి పాదాల దాకా కప్పే బొచ్చు జంతువు వేషాలు, ఉన్నాయి. ముగ్గురికి తల, చేతులు, తోక వరకే ఉన్నాయి. మిగతావాళ్లు బొమ్మలు గీసేవాళ్లు, సూట్లు చూద్దామని వచ్చేవాళ్లు.

మాకు తేలనివి ఇవి. ఏ నెల మంచిది, ఎలాంటి హాలు తీసుకోవాలి? అమెరికాలో జరిగే పెద్ద ఫర్రీ కన్వెన్షన్ ఆంత్రోకాన్‌లోలా కోట దగ్గర నుంచి గంటస్తంభం దాకా చిన్న పరేడ్ చేయొచ్చా? ఉక్కపోతలో సూటు వేసుకున్నవాళ్లని ఎంతసేపు ఉంచొచ్చు? వాలంటీర్లు ఎంతమంది కావాలి? పెద్ద కన్వెన్షన్ల పద్ధతులు తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

నాగావళి_నీటికుక్క:

తమ్ముడూ, పాతికమందేనా అని తక్కువ చేసుకోవద్దు. తొలి ఫర్రీ కన్వెన్షన్‌గా అందరూ చెప్పుకునే కాన్‌ఫ్యూరెన్స్ జీరో 1989 జనవరిలో కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో జరిగింది. దానికి వచ్చింది 65 మందే. ఆంత్రోకాన్ 1997లో ఆల్బనీలో చిన్నగా మొదలై, 2006 నుంచి పిట్స్‌బర్గ్‌లో స్థిరపడి, 2024లో 17 వేలు దాటింది. మీరు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది పరేడ్ కాదు, తలలు తీసే గది. ప్రతి పెద్ద కన్వెన్షన్‌లోనూ హెడ్‌లెస్ లాంజ్ అని ఒక గది ఉంటుంది. సూటు వేసుకున్నవాళ్లు అక్కడికి వెళ్లి తల తీసి, ఫ్యాన్ ముందు కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ బయటికి వస్తారు. కెమెరా లోపలికి రానివ్వరు. ఆ గది దొరికాకే హాలు మాట్లాడుకోండి. హాలు ఎంత బాగున్నా ఆ గది లేకపోతే వదిలేయండి.

మన ఊళ్లలో అలాంటి గది ఎక్కడుంటుందంటే కళ్యాణమండపంలో పెళ్లికూతురి గది. ఏసీ, నిలువుటద్దం, గదికే బాత్రూమ్, లోపలినుంచి గడియ. అచ్చం మనకోసం కట్టినట్టే ఉంటుంది. పెళ్లికొడుకు గది కూడా అడిగి తీసుకోండి, బ్యాగులకీ బట్టలు మార్చుకోడానికీ పనికొస్తుంది. మాట్లాడేటప్పుడు ఒకటి గట్టిగా అడగండి: కరెంటు పోతే జనరేటర్ మీద ఆ గది ఏసీ కూడా నడుస్తుందా, హాల్లో లైట్లూ ఫ్యాన్లేనా? చాలా మండపాల్లో ఏసీ జనరేటర్‌కి కలిపి ఉండదు. అలాగైతే రెండు స్టాండు ఫ్యాన్లు అద్దెకి తెచ్చి ఆ గదిలో పెట్టించండి.

నెల సంగతి. అక్టోబరు, నవంబరు వద్దు. హుద్‌హుద్ తుపాను 2014లో, తిత్లీ తుపాను 2018లో, రెండూ అక్టోబరులోనే మన తీరాన్ని తాకాయి. పైగా దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం, ఆ రోజుల్లో విజయనగరంలో లాడ్జి గది కూడా దొరకదు. ధనుర్మాసం పట్టాక చూసుకోండి. డిసెంబరు 16 ప్రాంతం నుంచి భోగి దాకా ముహూర్తాలుండవు, మండపాలు ఖాళీగా ఉంటాయి, ఓనరు బేరానికి వస్తాడు. పగటి ఎండ కూడా అప్పుడే తక్కువ, 28, 29 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అమెరికాలో షికాగో పక్కన రోజెమాంట్‌లో జరిగే ఫర్రీ కన్వెన్షన్ మిడ్‌వెస్ట్ ఫర్‌ఫెస్ట్ డిసెంబరు మొదట్లోనే అయిపోతుంది కాబట్టి ఆ వార్తలూ ఫొటోలూ చూసిన ఊపులో మనవాళ్లు వస్తారు.

శ్రీకాకుళంలో పెట్టాలనుకుంటే గుర్తుంచుకోండి, రైలు దిగేది ఊళ్లో కాదు, ఆమదాలవలసలో. అక్కడి నుంచి సూటు పెట్టెలతో ఆటోలో రావాలి. విజయనగరం జంక్షన్ కాబట్టి ఇదే సులువు.

ఇక ఉక్కపోత. మన ఒంటికి చెమట పడితే చల్లబడదు, చెమట ఆరితే చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, దాని మీద ఒళ్లంతా బొచ్చు. చెమట ఆరదు, ఒంటి వేడి లోపలే పెరుగుతూ పోతుంది. అందుకే 29 డిగ్రీలే కదా అనుకోవద్దు. ఏసీ హాల్లో ఫుల్ సూటు 30 నిమిషాలు, ఏసీ లేని హాల్లో 20. తర్వాత కనీసం అంతసేపు తల తీసి కూర్చోవాలి. వాచీ చూడాల్సింది సూటులో ఉన్న మనిషి కాదు, సూటు వేసుకున్నవాళ్లని కనిపెట్టుకుని పక్కనే ఉండే వాలంటీరు, అంటే హ్యాండ్లర్. లోపలున్నవాళ్లకి ఉత్సాహంలో టైము తెలీదు.

సూటు వేసుకునే ముందు గంటలో అర లీటరు నీళ్లు, ప్రతి విరామంలో ఒక గ్లాసు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఒక లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపండి. గ్లాసులో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ బాగా పనిచేస్తుంది. పొడుగు స్ట్రాలు ఒక కట్ట తెచ్చుకోండి, తల తీయకుండా నోట్లోంచి తాగొచ్చు. పాతికమందికి 20 లీటర్ల క్యాన్లు నాలుగు, అందులో ఒకటి ఆ గదిలోనే ఉండాలి.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, పిక్కలు పట్టేయడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే తల తీసేయాలి, తర్వాత చేతులు, తర్వాత వీపు జిప్పు. మెడకీ చంకల కిందా తడిగుడ్డ పెట్టి ఫ్యాన్ వేయాలి. మాట తడబడుతున్నా, అడిగినదానికి సంబంధం లేకుండా జవాబిస్తున్నా అది వడదెబ్బే. నీళ్లు తాగించే ప్రయత్నం మాని 108కి ఫోన్ చేయండి, చల్లబరచడం మాత్రం ఆపొద్దు. ఆ రోజుకి ఆ మనిషి మళ్లీ సూటు వేయకూడదు, ఎంత బతిమాలినా.

పొందూరు_దారం:

అన్న చెప్పినదానికి సూట్ల వైపు నుంచి నాలుగు మాటలు.

తల ఆరబెట్టే ఏర్పాటు మర్చిపోవద్దు. పెద్ద కన్వెన్షన్లలో పీవీసీ పైపులతో స్టాండ్లు కట్టి కింది నుంచి గాలి కొట్టిస్తారు. మనకి అంత అక్కర్లేదు. టేబుల్ ఫ్యాన్‌ని పైకి చూసేలా పడుకోబెట్టి, కింద నాలుగు మూలలా ఇటుకలు పెట్టండి. గాలి పీల్చుకోడానికి సందు లేకపోతే మోటారు వేడెక్కిపోతుంది. దాని మీద కూరగాయల ప్లాస్టిక్ క్రేట్ బోర్లించి, తలని మెడ కిందికి ఉండేలా పెట్టండి. గాలి నేరుగా లోపలికి వెళ్తుంది. ఒక్కో విరామంలో పూర్తిగా ఆరదు గానీ వాసన పట్టదు. ఎనిమిది తలలకి మూడు ఫ్యాన్లు చాలు, అందరూ ఒకేసారి తీయరు.

స్ప్రేకి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లోపలి స్పాంజికి మాత్రమే. కళ్ల జాలీ మీద పడితే మార్కరుతో వేసిన రంగు కరిగి కారిపోతుంది, అక్రిలిక్ ముక్క మీద పడితే మసకబారుతుంది. కొట్టాక పదిహేను నిమిషాలు ఆరనిచ్చి వేసుకోవాలి. మండపంలో దీపం, అగరుబత్తి వెలిగే చోట అసలు కొట్టొద్దు.

మూతిలో ఫ్యాన్ పెట్టుకునేవాళ్లకి: 5 వోల్టుల 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ సరిపోతుంది. ఊపిరి ఆవిరిని బయటికి లాగేలా బిగించండి, లోపలికి ఊదేలా పెడితే కళ్లు ఎండిపోయి మంటపుడతాయి. అందరికీ ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, ఫ్యాన్ అర నిమిషం తిరిగి ఆగిపోతుంది. ఫ్యాన్ చెడిపోలేదు. అది తీసుకునే కరెంటు మరీ తక్కువ కాబట్టి ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకే ఆపేస్తుంది. రెండు ఫ్యాన్లు పక్కపక్కన కలపండి, లేదా తక్కువ కరెంటు మోడ్ ఉన్న పవర్ బ్యాంక్ కొనండి. పవర్ బ్యాంక్ తలలో పెట్టొద్దు, చెమటా వేడీ దానికి పడవు. నడుము సంచిలో ఉంచి వైరు మెడ దగ్గర ఊడిపోయే ప్లగ్గుతో తీసుకురండి. తల లాగి తీసేటప్పుడు వైరు పీకకుండా ఉంటుంది.

కొత్తగా తల చేస్తున్నవాళ్లు ఇప్పుడే పూర్తి చేయాలి. సోఫా పనివాళ్లు వాడే రబ్బరు జిగురుతో స్పాంజి అతికిస్తే రెండు మూడు రోజులు ఆరుబయట ఆరాలి, ఆ ఘాటు పీలుస్తూ తల పెట్టుకోకూడదు. గ్లూ గన్‌తో అతికించినది ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో పెడితే జిగురు మెత్తబడి చెవులు వాలిపోతాయి. బొచ్చు గుడ్డని కత్తెరతో కోయొద్దు, వెనక్కి తిప్పి బ్లేడుతో అడుగు గుడ్డ మాత్రమే కోయాలి. లేకపోతే కుట్టు దగ్గర బొచ్చు పొట్టిగా తెగి గీత కనిపిస్తుంది.

రిపేరు బల్ల ఒకటి వేయండి. గ్లూ గన్, వంకర సూది, బొచ్చు రంగులకి సరిపోయే గట్టి దారాలు, పెద్ద పిన్నీసులు, వెల్క్రో, వెడల్పు ఎలాస్టిక్, కుక్కలకి దువ్వే వైరు బ్రష్. ఎక్కువగా ఊడేవి తోక బెల్టు లూపు, వేళ్ల సందుల కుట్లు, పాదం అడుగు.

గ్రూప్ ఫొటో భోజనాల ముందే తీసేయండి, బొచ్చు పొడిగా దువ్వి ఉన్నప్పుడు. భోజనానికి సూటు మొత్తం విప్పాల్సిందే. చేతులొక్కటే తీసి పులిహోర తింటామంటే ఒప్పుకోవద్దు. తెల్ల బొచ్చు మీద పసుపు పడితే ఇక పోదు.

తోటపాలెం_తోడేలు:

పరేడ్ గురించి నేను చెప్తాను. మొదటి ఏడాది రోడ్డు మీదకి వద్దు బాబూ.

ఆంత్రోకాన్ వాళ్లు పిట్స్‌బర్గ్‌లో పరేడ్‌ని ఊరి జనం చూసేలా ఆరుబయట కూడా నడిపిస్తారు, నిజమే. కానీ అది కన్వెన్షన్ సెంటర్ నుంచి బయల్దేరి మళ్లీ ఏసీలోకే వచ్చే చిన్న దూరం, దారి పొడుగునా వాలంటీర్లు, ఆ ఊరికి ఏళ్ల తరబడి అలవాటు. కోట నుంచి గంటస్తంభం అంటే బజారు రద్దీ. పోలీసు అనుమతి రాతపూర్వకంగా కావాలి. పులివేషాలు చూసి పెరిగిన పిల్లలు దగ్గరికి పరుగెత్తుకొస్తారు, తోక లాగుతారు. సూటులోంచి పక్కలకీ కిందికీ కనిపించదు, పిల్లాడు కాళ్ల దగ్గరున్నా తెలీదు. అన్నిటికంటే వీధి కుక్కలు. తోకా బొచ్చూ ఉన్న మనిషిని చూస్తే గుంపుగా మొరుగుతూ వెంటపడతాయి, ఆ పాదాలతో పరుగెత్తలేరు.

మండపం కాంపౌండు లోపలే, సాయంత్రం నాలుగున్నరకి, గేటు నుంచి మెట్ల దాకా రెండు చుట్లు తిరగండి. పది నిమిషాలు. గేటు వేసి ఉంచండి.

హ్యాండ్లర్ ఇద్దరికి ఒకరు చొప్పున, ఎనిమిదిమందికి నలుగురు. ఇంకో ఇద్దరు పేర్ల బల్ల దగ్గర, ఒకరు తలలు తీసే గది తలుపు దగ్గర. మొత్తం ఏడుగురు. వాళ్లలో ఎవరూ ఆ రోజు సూటు వేయకూడదు. సైగలు ముందే అనుకోండి: చేతులు అడ్డంగా పెడితే వెంటనే బయటికి తీసుకెళ్లాలి, గుండె మీద రెండుసార్లు తడితే నీళ్లు.

గ్రానైట్ నేల మీద గుడ్డ అడుగున్న పాదాలు జర్రున జారతాయి. అడుగున రబ్బరు షీటు అతికించుకోమనండి. భోజనాల తర్వాత తడి తుడిచేదాకా సూట్లు హాల్లోకి రాకూడదు. వేదిక మెట్ల అంచులకి పసుపు టేపు వేయండి. డీజే లైట్లు వద్దు. కళ్ల జాలీలోంచి చూడాలంటే బయట వెలుతురుండాలి, చీకట్లో లైట్లు మిణుకుమంటే ఏమీ కనిపించదు.

బయటికి వెళ్లే దారులు రెండైనా ఉండాలి, రెండో గేటు తాళం ఎవరి దగ్గరుందో తెలియాలి. 2014 డిసెంబరులో మిడ్‌వెస్ట్ ఫర్‌ఫెస్ట్ హోటల్లో అర్ధరాత్రి దాటాక ఎవరో కావాలని క్లోరిన్ వాయువు వదిలారు. వేలమందిని ఖాళీ చేయించారు, 19 మంది ఆసుపత్రి పాలయ్యారు. మన మీట్‌లో అలాంటిది జరుగుతుందని కాదు, పొగ వచ్చినా వైరు కాలినా అందరినీ లెక్కపెట్టే మనిషి ఒకరుండాలి. పేర్ల పట్టీ కాగితం మీదే ఉంచండి.

ఫొటోలకి చేతి పట్టీలు: పచ్చది కట్టుకుంటే తీయొచ్చు, ఎర్రది కట్టుకుంటే అడగను కూడా అడగొద్దు. తల తీసి ఉన్నవాళ్లని ఎవరూ తీయకూడదు. తాము ఫర్రీలమని చాలామంది ఇళ్లలో ఇంకా చెప్పుకోలేదు, ఒక్క వీడియో బయటికొస్తే వాళ్లకి చాలా కష్టం. 18 ఏళ్ల లోపు వాళ్లు అమ్మానాన్నల్లో ఒకరితో రావాలి. యూట్యూబ్ చానెల్ వాళ్లొస్తే గేటు దగ్గర ఒక్కరే మాట్లాడాలి, ఎవరో ఇప్పుడే తేల్చుకోండి.

చంపావతి_నక్క:

చాలా చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. పరేడ్ కాంపౌండులోనే చేస్తాం. మండపం ఓనరుని ఏసీ సంగతి రేపే అడుగుతాను. ఇంకొక్క సందేహం: తల లోపల వేసుకునే ముసుగుకి పొందూరు ఖద్దరు బాగుంటుందా? సన్నగా, గాలాడేలా ఉంటుంది కదా.

పొందూరు_దారం:

మా ఊరి ఖద్దరు మీద నాకున్న ప్రేమ వేరు గానీ, ముసుగుకి మాత్రం వద్దు తమ్ముడూ. నూలు చెమటని పీల్చి తనలోనే ఉంచుకుంటుంది. పది నిమిషాలకే తడిసి ముఖానికి అతుక్కుని, ముక్కు దగ్గర ఊపిరికి అడ్డం పడుతుంది. బైకు మీద వేసుకునే పల్చటి పాలిస్టర్ ముసుగు కొనండి, సాగేది, కళ్లూ ముక్కూ నోరూ తెరిచి ఉండేది. మనిషికి మూడు, ప్రతి విరామంలో ఒకటి మార్చాలి. లోపల వేసుకునే బట్టలు కూడా ఆటలవాళ్లు వేసుకునే పాలిస్టరువే. ఖద్దరుని తువ్వాలు ముక్కలుగా కోసి, చల్లటి నీళ్లలో తడిపి పిండి, స్టీలు డబ్బాలో పెట్టి తలలు తీసే గదిలో ఉంచు. తల తీసిన మనిషి మెడ మీద వేయడానికి దాన్ని మించింది లేదు. ఒకరికి వేసింది ఇంకొకరికి వేయకుండా ఇరవై ముక్కలైనా ఉండాలి.