ఒక్కరే మాట్లాడే ఆడియోలు వినడం ఎలా సాధన చేయాలి?

ప్రశ్న:
టోయిక్ అనే ఇంగ్లీషు భాషా నైపుణ్య పరీక్షకు సిద్ధమవుతున్నాను. సంభాషణలు బాగానే అర్థమవుతున్నాయి కానీ, నాలుగో భాగంలోని ప్రకటనలు, వాయిస్ మెయిల్ సందేశాలు వచ్చేసరికి మొదటి ప్రశ్నకు జవాబు వెతుకుతుండగానే మిగతా మాటలు దాటిపోతున్నాయి. దీనికి ఎలా సాధన చేయాలో దయచేసి తెలియజేయగలరు.

మొదటి సమాధానం:
ఆ భాగంలో 10 ప్రసంగాలు, ఒక్కోదానికి 3 చొప్పున 30 ప్రశ్నలు ఉంటాయి. ఆడియో ఒక్కసారే వినిపిస్తుంది. ప్రశ్నలు సాధారణంగా ప్రసంగం సాగే క్రమంలోనే వస్తాయి కనుక, ఆడియో మొదలయ్యేలోపే మూడింటినీ చదివి పెట్టుకోండి. జవాబు దొరకని ప్రశ్నను అక్కడికక్కడే వదిలేయడం కూడా అలవాటు కావాలి.

రెండో సమాధానం:
పై సలహా పరీక్ష గదిలో పనికొస్తుంది గానీ, దానితోనే చెవి పదునెక్కదని నా అభిప్రాయం. నిమిషంలోపు ఆడియోను ఒకటి తీసుకుని, ముందు దాని లిఖిత పాఠం చూడకుండా విని సారాంశం రాసుకుని, తరువాత ఒక్కో వాక్యం దగ్గర ఆపుతూ విన్నది విన్నట్టుగా రాసి, చివరకు అసలు పాఠంతో పోల్చి చూడండి. తప్పిపోయినవాటిలో చాలావరకు మీకు తెలిసిన పదాలే ఉంటాయి; వేగంగా పలికినప్పుడు ‘గోయింగ్ టు’ కాస్తా ‘గొన’గా మారుతుంది, ‘ఫిఫ్టీన్’కూ ‘ఫిఫ్టీ’కీ తేడా ఎక్కువగా ఊనికలోనే ఉంటుంది. గేటు నంబర్లు, సమయాలు చెప్పే విమానాశ్రయ ప్రకటనలు ఇందుకు చక్కగా సరిపోతాయి.

మూడో సమాధానం:
ఈ పరీక్షలో అమెరికన్‌తో పాటు బ్రిటిష్, కెనడియన్, ఆస్ట్రేలియన్ ఉచ్చారణలూ వినిపిస్తాయి కాబట్టి, ఒకే గొంతుకు అలవాటు పడకండి. వేగం తగ్గించి వినడం మాత్రం తొలి రోజులకే పరిమితం చేయండి.