ఓడ పక్కన ఉండే గుండ్రటి గుర్తు, ప్లిమ్‌సాల్ అనే ఎంపీ: తెలిసినోళ్లు చెప్పండి

ప్రశ్న (తిరుపతి నుంచి)
అందరికీ నమస్తే. మా తమ్ముడు మర్చంట్ నేవీలో చేరి ఏడు నెలలైంది, మొన్న ఓడ పక్కన నిలబడి ఫోటో పంపించినాడు, వాడి వెనకాల ఇనుప గోడ మీద గుండ్రంగా ఒక గుర్తు, మధ్యలో అడ్డగీత, పక్కన మెట్ల మాదిరి గీతలు, వాటికి టి, ఎస్, డబ్ల్యూ అని అక్షరాలు. అదేందిరా అంటే ప్లిమ్‌సాల్ లైన్ అంట, ఎవరో ఇంగ్లండ్ ఎంపీ పేరంట, డ్యూటీ ఉందని ఫోన్ పెట్టేసినాడు. వెతికితే ఒకచోట చట్టం 1876లో వచ్చిందని, ఇంకోచోట 1890 అని ఉంది. ఏది కరెక్టు? ఆయన నావికుడా? ఓడ మునగదు కదా అని అమ్మ రోజూ అడుగుతా ఉంది, ఆమెకీ చెప్పాల.

జవాబు 1
రెండూ కరెక్టే బ్రదర్. శామ్యూల్ ప్లిమ్‌సాల్ నావికుడు కాదు, బొగ్గు వ్యాపారి, 1868లో ఇంగ్లండ్‌లోని డెర్బీ నుంచి ఎంపీగా గెలిచినాడు, అది కూడా మన తిరుపతి మాదిరే సముద్రం ఒడ్డున లేని ఊరు. అప్పట్లో కొందరు ఓనర్లు పాత ఓడలకి విలువకి మించి ఇన్సూరెన్స్ చేసి, సరుకు కుక్కి పంపేవాళ్లు, మునిగితే వాళ్లకి డబ్బులు, పోయేది పనోళ్ల ప్రాణాలు. శవపేటిక ఓడలు అనేవాళ్లు వాటిని. పనికి ఒప్పుకుని సంతకం పెట్టినాక ఈ ఓడ ఎక్కను అంటే జైల్లో వేసేవాళ్లు, అది చదివి నాకైతే కడుపు మండిపోయింది. 1875 జూలై 22న అప్పటి ఇంగ్లండ్ ప్రధాని డిజ్రేలీ ఓడల బిల్లు పక్కన పెడతామనేసరికి ఈయన సభలోనే ఓనర్లని దుర్మార్గులని అరిచి పిడికిలి ఊపినాడు, స్పీకర్ బయటికి పంపించేసినాడు. తర్వాత క్షమాపణ చెప్పినాడు గానీ జనం ఆయన పక్కే నిలబడినారు, ఆ ఏడే తాత్కాలిక చట్టం, 1876లో ఓడ మీద ఈ గీత వేయాలని పూర్తి చట్టం వచ్చినాయి.

జవాబు 2 (చిత్తూరు, ఓడల్లో చేసి రిటైర్ అయినాను)
1876 చట్టంలో ఒక లొసుగు ఉండాది నాయనా. గీత వేయాలన్నారు గానీ ఎక్కడ వేయాలో ఓనరు ఇష్టానికే వదిలేసినారు, ఎంత పైకి వేసుకున్నా అడిగేవాడు లేడు. ఏ ఎత్తులో వేయాలో రూల్ పెట్టింది 1890లో, అంటే 14 ఏళ్లు పట్టింది. ఎస్ అంటే ఎండాకాలం, గుండ్రం మధ్య గీతకి సమానంగా ఉంటాది. చలికాలం సముద్రం అల్లకల్లోలంగా ఉంటాది, అందుకే డబ్ల్యూ దాని కింద, అంటే సరుకు తక్కువ ఎక్కించాల. టి వేడి ప్రాంతాలకి, పైన ఉంటాది. ఎఫ్ మంచినీళ్లకి, ఉప్పునీళ్లలో కన్నా మంచినీళ్లలో ఓడ ఎక్కువ దిగుతాది కాబట్టి. మన తోతాపురి లోడు లారీ పట్టీలు చూసి బరువు ఎక్కువైందని చెప్తాం చూడు, ఇదీ అంతే. పోయే చోటికి తగిన గీత నీళ్లలో మునిగిపోయిందంటే ఓవర్‌లోడే, ఓడ కదలకూడదు.

ప్రశ్న వేసినాయన
చాలా థ్యాంక్సండి ఇద్దరికీ. ఇందాకే వంటింట్లో గ్లాసు నీళ్లలో కోడిగుడ్డు వేసి అమ్మకి చూపించినా, ముందు అడుక్కి పోయింది, నాలుగైదు స్పూన్ల ఉప్పు కలిపేసరికి తేలింది. అమ్మ గ్లాసు పక్కన పెట్టి మళ్లీ ఆ ఫోటో తీయమంది, గీతలన్నీ నీళ్లకి పైనే ఉండాయా లేదా అని పెద్దది చేసి చూస్తా ఉంది.