హెలికాప్టర్ మాటని ఎక్కడ విరవాలి?

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. విమానాలు, హెలికాప్టర్లు తయారుచేసే హెచ్‌ఏఎల్ దగ్గరే కాబట్టి హెలికాప్టర్ల చప్పుడు మాకు అలవాటే. నిన్న సాయంత్రం మా అమ్మాయి చప్పట్లు కొడుతూ ఇంగ్లీషు సిలబుల్స్ లెక్కపెట్టే హోంవర్కు చేస్తోంది. హె, లి, కాప్, టర్. నాలుగు చప్పట్లు. తర్వాతి ప్రశ్న, ఇదే మాటను అర్థమున్న ముక్కలుగా విడదీయమని. ‘హెలి, కాప్టర్’ అని రాసేసింది. హెలిప్యాడ్ అంటాం కదా, నేనూ అదే రాసేవాణ్ణి.

అనుమానం వచ్చి నిఘంటువు తీశాను. గ్రీకులో హెలిక్స్ అంటే మెలిక, ప్టెరాన్ అంటే రెక్క. ఆ రెండూ కలిపి ఫ్రెంచివాళ్ళు 1861లో కట్టిన మాట ఇది. అంటే అతుకు ఉన్నది ‘హెలికో’కీ ‘ప్టర్’కీ మధ్య! ఎప్పుడో అంతరించిన ఎగిరే సరీసృపం టెరోడాక్టిల్ స్పెల్లింగు మొదట్లో పలకని ‘పి’ ఉంటుందే, అక్కడున్నదీ ఈ రెక్కే. మాట మొదట్లోనైనా, సిలబుల్ మొదట్లోనైనా ‘ప్ట’ అనడానికి ఇంగ్లీషువాళ్ళకు నోరు తిరగదు. అందుకే టెరోడాక్టిల్‌లో ‘ప్’ని మింగేశారు, హెలికాప్టర్‌లో ముందున్న ‘కా’కి తగిలించారు.

పిల్లకి ఇదంతా ఎలా చెప్పాలి? రామాలయం గుర్తొచ్చింది. పలికితే రా, మా, ల, యం. విడదీస్తే రామ, ఆలయం. ‘మా’లో హల్లు రాముడిది, దీర్ఘంలో ఇద్దరికీ వాటా ఉంది. సవర్ణదీర్ఘ సంధి పేరు తెలియకపోయినా చటుక్కున పట్టుకుంది. “అయితే మా స్కూలు బోర్డు మీద కన్నడలో ఉన్న విద్యాలయ కూడా అంతేనా నాన్నా?” అంది. ఎంత సంతోషం వేసిందో!

పొద్దున దీన్ని గుంపులో చెబితే, మరి ఊనిక, అంటే మాటలో ఒక సిలబుల్‌ని నొక్కి పలకడం, సంగతేమిటని ఒకరు అడిగారు. అది మనవాళ్ళకు నిజంగా కష్టమండీ. మన గురులఘువులు అక్షరం పలికే కాలానికి లెక్క, నొక్కుకి కాదు. ఇంగ్లీషులో ఫోటోగ్రాఫ్ అంటే నొక్కు ‘ఫో’ మీద, ఫొటోగ్రఫీ అంటే రెండో సిలబుల్ మీదకి, ఫోటోగ్రాఫిక్ అంటే ‘గ్రా’ మీదకి జరుగుతుంది. చివర ‘ఇక్’ చేరితే నొక్కు దాదాపు ఎప్పుడూ దాని ముందు సిలబుల్‌కే. నొక్కు తప్పిన అచ్చు చాలాసార్లు నలిగి ‘అ’లా వినిపిస్తుంది. రికార్డు చూడండి: నామవాచకమైతే వాళ్ళు మొదట నొక్కి ‘రెకర్డ్’ అంటారు, క్రియ అయితేనే ‘రికార్డ్’. మనం రెండింటికీ రికార్డే వాడుకుంటున్నాం.

అతుకు అక్షరం మధ్యలో పడే తెలుగు మాటలు ఇంకేమున్నాయో చెప్పండి. ఆదివారం దాకా రోజుకొకటి ఇస్తానని అమ్మాయికి మాటిచ్చాను.