నీళ్ళు 68 దాటితే గాలం చుట్టేయాలా? కాన్యన్ వాగుల్లో ట్రౌట్, పట్టి వదలడం: ఐదుగురి చర్చ

ఏటిగట్టు
అమెరికాలోని మోంటానాలో ఏటి నీళ్ళు వరసగా మూడు రోజులు 73 ఫారెన్‌హీట్ తాకితే 'హూట్ ఔల్' ఆంక్ష పెడతారు. మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా గాలం వెయ్యకూడదు. నీళ్ళ వేడి కొలిచే గేజి ఉన్న పెద్ద ఏళ్ళకి ఇది బాగానే పనిచేస్తుంది. ఐదారు మైళ్ళు నడిస్తే గానీ చేరలేని కాన్యన్ (నిట్టనిలువు రాతిగోడల లోయ) వాగులో గేజీ లేదు, బోర్డూ లేదు, అడిగేవాడూ లేడు. అక్కడ మనంతట మనమే ఆపాలా? ఆపితే ఎంత దగ్గర? పట్టిన ట్రౌట్‌ని (చల్లటి నీళ్ళలో బతికే చేప) ఎలాగూ వదిలేస్తున్నాం కదా, అది చాలదా?

ఒక్క షరతు. "నేను వదిలిన చేప బాగానే ఈదుకుంటూ పోయింది" అనే సాక్ష్యం వద్దు. తర్వాత ఏమైందో వెంట వెళ్ళి చూసినవాళ్ళెవరూ లేరు.

చల్లనీరు
68. అంటే 20 సెంటీగ్రేడ్. కట్‌థ్రోట్ జాతి ట్రౌట్ ఉన్న వాగైతే ఇంకా ముందే, 65 దగ్గరే. 73 దాకా ఆగడమంటే చేప ఊపిరాడక కొట్టుకునేదాకా ఆగడమే.

లెక్క చూడండి. సముద్రమట్టం దగ్గర 50 ఫారెన్‌హీట్ నీళ్ళు లీటరుకి సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలవు. 68లో అది 9.1. ఆరు వేల అడుగుల ఎత్తుకి వెళితే గాలి ఒత్తిడి తగ్గి అందులో ఐదో వంతు పోతుంది, మిగిలేది సుమారు 7.3. నీళ్ళలో సరఫరా తగ్గుతుంటే చేప ఒంట్లో అవసరం పెరుగుతుంది. గాలం మీద పెనుగులాడినప్పుడు కండరాల్లో లాక్టిక్ ఆసిడ్ పేరుకుంటుంది, దాన్ని కడుక్కోవడానికి మళ్ళీ ఆక్సిజనే కావాలి. అందుకే చావు అప్పటికప్పుడు కనబడదు, కొన్ని గంటల తర్వాత వస్తుంది.

ట్రౌట్ అన్నీ ఒకటి కావు కూడా. ల్యాబులో చూస్తే రెయిన్‌బో తట్టుకోగల పై హద్దు 24 సెంటీగ్రేడ్ దాటింది. వెస్ట్‌స్లోప్ కట్‌థ్రోట్‌ది 20 లోపే, 19.6. ఎగువ కాన్యన్లలో మనం వెతుక్కుంటూ వెళ్ళేది ఆ రెండో చేపనే.

రెక్కపురుగు
థర్మామీటరు చూసి జపం చేసేవాళ్ళు చేతుల్ని మర్చిపోతున్నారు. 62 డిగ్రీల్లో ఫొటో కోసం నిమిషం సేపు చేపని పైకెత్తినవాడు, 69లో వల లోంచే వదిలినవాడికంటే ఎక్కువ చంపుతాడు.

1992లో వచ్చిన రెయిన్‌బో ప్రయోగం ఒకటుంది. అలసిపోయేదాకా తరిమిన చేపల్ని మూడు గుంపులు చేశారు. నీళ్ళ లోనే ఉంచినవాటిలో 12 గంటల్లో చచ్చినవి 12 శాతం. 30 సెకన్లు గాలిలో ఉంచినవి 38 శాతం. నిమిషం ఉంచినవి 72 శాతం. గాలిలో మొప్పల పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, రక్తానికి ఆక్సిజన్ అందే దారి మూసుకుపోతుంది.

కాబట్టి నా జాబితా ఇది. టిప్పెట్ (హుక్కుకి కట్టే చివరి సన్న దారం) 4ఎక్స్, అంతకంటే సన్నం వద్దు. 11 లోంచి ఎక్స్ నంబరు తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది: 4ఎక్స్ ఏడు, 6ఎక్స్ ఐదు. ఆ రెండు వంతుల తేడాతో బలం దాదాపు రెట్టింపవుతుంది, చేప నిమిషం లోపు వలలో పడుతుంది. వాగు నీళ్ళు దూకుతూ నురగలు కక్కుతుంటాయి కాబట్టి చేపకి టిప్పెట్ పరీక్షించే తీరికుండదు, 6ఎక్స్ అక్కడ ఉత్త షోకు. హుక్కు బార్బ్ (మొన వెనక ఉండే ఎదురు ముల్లు) ముందే ప్లయర్‌తో నొక్కెయ్యాలి. వల రబ్బరుదై ఉండాలి, ముడుల నూలు వల చేప ఒంటి జిగురుని గీకేస్తుంది. ఎండాకాలంలో డ్రై ఫ్లై (నీటి మీద తేలే ఉత్తుత్తి పురుగు) కింద నింఫ్ (నీళ్ళలో మునిగే ఉత్తుత్తి పురుగు) వేలాడదీయడం మానండి. పై హుక్కుకి చేప పడితే కింది హుక్కు వలకో, డొక్కకో, మీ వేలికో తగులుతుంది. ఆ చిక్కు విప్పే ఇరవై సెకన్లే చేప ప్రాణం.

చల్లనీరు
ఆ ప్రయోగాన్ని మీరు సగమే వాడుకున్నారు. గాలి తగలని గుంపులో కూడా 12 శాతం పోయాయి కదా. చేతులు ఎంత సుతిమెత్తగా ఉన్నా సున్నా రాదు. పైగా వేడి పెరిగేకొద్దీ ఆ అంకె పెరిగేదే.

రెక్కపురుగు
అవి ఒళ్ళు ఆగిపోయేదాకా తరిమిన చేపలండీ. 4ఎక్స్ మీద నలభై సెకన్లలో వచ్చిన పదంగుళాల చేపకి ఆ 12 శాతం అంటగట్టడం అన్యాయం. వేడి సంగతి మాత్రం ఒప్పుకుంటాను.

లోయదారి
ఇద్దరూ "నీళ్ళు 68" అంటున్నారు. ఏ నీళ్ళు? ఎన్ని గంటలకి? ఎక్కడ ముంచి?

గులకరాళ్ళ అంచున నాలుగంగుళాల నీళ్ళలో పెట్టి, ఎండ తగులుతుండగా చూస్తే థర్మామీటరు ఎక్కువే చెబుతుంది. మీటరు పొడవు తాడు కట్టి, పారే నీళ్ళలో కనీసం అడుగు లోతున, మీ నీడ పడేచోట రెండు నిమిషాలు ఉంచండి. నీళ్ళలో ఉండగానే చదవండి. పైకి తీసి కళ్ళద్దాలు వెతుక్కునేలోపు అంకె మారిపోతుంది. పక్క వాగు కలిసేచోట కొలవకండి, రెండు వాగుల నీళ్ళ సగటు వస్తుంది.

కాన్యన్‌కి దాని లెక్క దానిది. నిట్రంగా లేచిన రాతిగోడ మధ్యాహ్నం నీడనిస్తుంది, నిజమే. కానీ పగలంతా కాగిన పడమటెండ గోడ రాత్రికి పొయ్యి పక్క గోడలా సెగ వదులుతుంది. నీళ్ళు బాగా వేడెక్కేది సాయంత్రం నాలుగు, ఆరు మధ్య. బాగా చల్లబడేది తెల్లవారాక కాసేపటికి. పొద్దున ఆరింటికి 58 ఉంటే సాయంత్రానికి 68 అయినా చేపకి తేరుకునే వేళ దొరుకుతోందని అర్థం. పొద్దునే 66 ఉందంటే ఆ రోజు రాడ్ బయటికి తీయొద్దు. నా దృష్టిలో చూడాల్సింది పొద్దుటి అంకె.

ఆనకట్ట కింద కాన్యన్ కదా, చల్లగా ఉంటుందనే ధీమా కూడా వద్దు. యెల్లోటెయిల్ డ్యామ్ లోతు నుంచి వదిలే నీళ్ళతో బిగ్‌హార్న్ నది జులైలోనూ చల్లగానే పారుతుంది. అదే మాడిసన్ నది మీద బేర్ ట్రాప్ కాన్యన్ చూడండి. పైనున్న ఎన్నిస్ చెరువు లోతు తక్కువ, పళ్ళెంలో పోసిన నీళ్ళలా కాగుతుంది, ఆ వేడంతా కాన్యన్‌లోకి దిగుతుంది. రెండూ ఆనకట్ట కిందివే.

మడుగుచేప
అసలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. వదిలేస్తున్నాం అన్న ధైర్యంతో ఒక్కొక్కరు రోజుకి ముప్ఫై పడుతున్నారు. పదింట ఒకటి పోతుందనుకుందాం (లెక్క కోసమే, కొలత కాదు), మూడు చచ్చాయి. రెండు పట్టి, పొయ్యి మీద వేసుకుని, రాడ్ మడిచేసినవాడు చంపింది రెండే. ఇందులో ఎవరు పుణ్యాత్ములు?

నిబంధన ఒప్పుకునే చోట బ్రూక్ ట్రౌట్‌ని ఉంచుకోండి. అది అమెరికా తూర్పు నుంచి తెచ్చి వదిలిన చేప, పశ్చిమ వాగుల్లో కట్‌థ్రోట్ చోటుని ఆక్రమిస్తోంది. గుర్తుపట్టడం తేలిక: నల్లటి ఒంటి మీద లేత చుక్కలు, వీపు మీద పురుగు పాకినట్టు గీతలు, కింది రెక్కల ముందు అంచున తెల్ల చార. కట్‌థ్రోట్‌కి దవడ కింద ఎర్రటి గాటు, లేత ఒంటి మీద నల్ల చుక్కలు. మోంటానాలో చాలా నదుల్లో, వాగుల్లో కట్‌థ్రోట్‌ని వదిలి తీరాల్సిందే. గాటు మసకగా ఉండి అనుమానమొస్తే అది రెయిన్‌బోతో కలిసిన కట్‌బో కావచ్చు. అనుమానమున్నదాన్ని వదిలెయ్యండి.

చల్లనీరు
మడుగుచేప గారూ, లెక్క బాగుంది. కానీ రెండు బ్రూక్‌లు చేతికొచ్చేలోపు ఎన్ని కట్‌థ్రోట్‌లు గాలానికి తగులుతాయి? హుక్కుకి కులం తెలియదు కదా. అవి ఏడైతే మీ లెక్కలో ఏడూ కలపాలి.

మడుగుచేప
కలపాలి, ఒప్పుకున్నా. అందుకే రెండు జాతులూ కలిసున్న వాగుకి వేడి రోజున వెళ్ళకుండా, బ్రూక్ ఒక్కటే మిగిలిన పై పాయలకి వెళ్ళమంటాను.

రెక్కపురుగు
ఊటల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఏటిలో 70 ఉన్నప్పుడు గోడ అడుగున ఊట దిగేచోట 55 ఉంటుంది, చేపలన్నీ అక్కడ వరస కడతాయి. అక్కడ నీళ్ళు చల్లనే. 68 సూత్రం ప్రకారం పట్టుకోవచ్చా చల్లనీరు గారూ?

చల్లనీరు
పట్టుకోకూడదు. అది ఆస్పత్రి వార్డు. అక్కడ గాలానికి పడ్డ చేప పారిపోయేది పక్కనున్న 70 డిగ్రీల నీళ్ళలోకే. పెనుగులాట ఒక దెబ్బ, వేడి రెండో దెబ్బ. పైగా చిన్న ఊటలో పాతిక చేపలుంటే మీ నీడ పడగానే మిగతావీ బయటికి చెదురుతాయి. నా సూత్రంలో ఆ చిల్లు ఉందని ఒప్పుకుంటా, కాబట్టి కొలిచేది ఊట దగ్గర కాదు, ప్రధాన ధారలో.

రెక్కపురుగు
ఈ ఒక్కదానికి తల వంచుతున్నా. ఊట దగ్గర వెయ్యను, వెయ్యమని చెప్పను. మిగతా చోట 68 దగ్గర ఆపాలన్నది ఇంకా ఒప్పుకోను. పొద్దున 60లో మొదలుపెట్టి, 67 వచ్చేసరికి పదో చేపైనా పాతికో చేపైనా లేచిపోవడం నాకు సబబు.

ఏటిగట్టు
అదే 68 కదా, ఒక డిగ్రీ తక్కువ!

వదిలేటప్పటి విషయం ఒకటి తేల్చండి. నీళ్ళలో చేపని ముందుకీ వెనక్కీ ఊపుతుంటారు చాలామంది.

లోయదారి
ఊపకూడదు. వెనక్కి లాగినప్పుడు నీళ్ళు మొప్పల్లోకి తప్పుదారిన పోతాయి. ముఖం ఎగువకి పెట్టి, పొట్ట కింద చెయ్యి వదులుగా ఉంచి, మెల్లగా పారే ధార అంచున ఆగండి. గట్టు పక్క నిలవ నీళ్ళలో వదలకండి, వాగులో అన్నిటికంటే వేడిగా ఉండేది అవే. తోక తనంతట తాను కొట్టుకుంటే చెయ్యి తీసెయ్యడమే. హుక్కు మొప్పల దాకా దిగి ఉంటే లాగకుండా దారం కత్తిరించండి.

హూట్ ఔల్ మీద నాదో సందేహం: అర్ధరాత్రి తెరవడమెందుకు? అప్పటికి గోడలింకా చల్లారవు, నీళ్ళు ఇంకా వేడే. యెల్లోస్టోన్ పార్కులో ఇలాంటి ఆంక్ష పెట్టినప్పుడు మధ్యాహ్నం 2 నుంచి మర్నాడు సూర్యోదయం దాకా ఉంచారు. కాన్యన్‌లకి అదే సరి.

మడుగుచేప
అర్ధరాత్రి కాన్యన్‌లో గాలం వేసేవాడికి ముందు తన కాళ్ళ సంగతి చూసుకోమనండి, చేపల సంగతి తర్వాత.