కర్ఫ్యూలో 'కర్' ఎక్కడిది?

అరసున్న: ఇంగ్లీషు కవి గ్రే రాసిన శ్మశాన గీతం 'ఎలిజీ' మొదటి పాదం నిన్నటి నుంచి నోట్లో ఆడుతోంది. 'ద కర్ఫ్యూ టోల్స్ ద నెల్ ఆఫ్ పార్టింగ్ డే'. వెళ్లిపోతున్న పొద్దుకు కర్ఫ్యూ చావుగంట (నెల్) మోగిస్తోంది (టోల్స్) అని. ఇక్కడ కర్ఫ్యూ అంటే గంటా, గంట కొట్టే వేళా?

శకటరేఫ: గంటే. ఫ్రెంచిలో కువ్ర్-ఫు, అంటే నిప్పు కప్పు. రాత్రి ఎనిమిదికి గంట కొడితే పొయ్యి కప్పెయ్యాలి. 1066లో ఇంగ్లండు గెలిచిన విలియం, జనం గుమిగూడకుండా పెట్టాడంటారు.

ఉత్పలమాల: చెక్క ఇళ్లు, గడ్డి కప్పులు ఉన్న ఊళ్లకు అగ్గి భయం చాలదా? నా దృష్టి 'కర్' మీద. మన జేబులో కర్చీఫ్‌దీ అదే 'కర్'. కువ్ర్-షెఫ్, తల కప్పేది. తలగుడ్డ చేతికొచ్చి హ్యాండ్ కర్చీఫ్ అయింది.

శకటరేఫ: షెఫ్ అన్నారు గనక, ఆఫీసులో చీఫ్, హోటల్లో షెఫ్ రెండూ ఆ 'తలే'. పాత ఫ్రెంచిలో 'చ' పలికేవారు. ముందే వచ్చిన చీఫ్, చెయిర్, ఛాంబర్‌లలో అది నిలిచింది. ఫ్రెంచివాళ్ల నోట 'ష' అయ్యాక వచ్చినవి షెఫ్, మెషీన్.

విసంధి: ఆ చరణం మొత్తం చూడండి. ఫ్రెంచి నుంచి వచ్చినవి కర్ఫ్యూ, పార్టింగ్ రెండే, రెండూ మొదటి పాదంలోనే. తర్వాత మంద, రైతు, చీకటి అన్నీ పాత ఇంగ్లీషు మాటలు. గంట దొరలది, పొలం పల్లెది. గ్రే తెలిసే చేశాడని నా నమ్మకం.

ఉత్పలమాల: పల్లె గురించి రాస్తే ఎవరికైనా ఆ మాటలే వస్తాయండీ.

విసంధి: సరే, జాషువా శ్మశానవాటి పక్కన పెట్టి చదవండి. రాయకుండానే మట్టిలో కలిసిన పల్లె మిల్టన్‌ను, అంటే మిల్టన్ అంతటి కవి కాగలిగిన పల్లెటూరివాణ్ణి, గ్రే ఊహించాడు. జాషువా దగ్గర, రాసిన సత్కవి కలమే నిప్పుల్లో కరిగిపోయింది. హరిశ్చంద్ర నాటకం కాటి సీన్లో ఆ పద్యం అందుకుంటే పందిరంతా నిశ్శబ్దమయ్యేది. నాకు జాషువాదే లోతు.

శకటరేఫ: ఒప్పుకుంటాను. 'ఇచ్చోట' అని మళ్లీ మళ్లీ ఎత్తుకోవడంలోనే సగం బలం ఉంది.

అరసున్న: నా ప్రశ్న అలాగే ఉంది. గంట తనంతట తాను 'టోల్' ఎలా చేస్తుంది?

శకటరేఫ: గుడిగంట మోగింది అనమా?

ఉత్పలమాల: మోగింది కాదు, మోగిస్తోంది. నెల్ అక్కడ కర్మ. కొట్టే మనిషి పాదంలో లేడు. నాకు 'వేళ' అన్న అర్థమే కుదురుతోంది.

శకటరేఫ: వేళ గంట మోగిస్తుందా? అది ఇంకా కష్టం.