సైడు పెట్టెలు తగిలిస్తే 70 దాటగానే హ్యాండిల్ ఊగుతోంది

ఈ మధ్యే కొన్న 450 సీసీ అడ్వెంచర్ టూరింగ్ బైకుకు రెండు వైపులా 37 లీటర్ల అల్యూమినియం పెట్టెలు, వాటికి స్టీలు ర్యాకు బిగించుకున్నాను. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవేపై వెళ్తుంటే వేగం 70 దాటగానే హ్యాండిల్ కుడిఎడమలకు సన్నగా ఊగుతోంది. లారీని దాటేటప్పుడు మరీ ఎక్కువ. పెట్టెలు తీసేస్తే 80లో కూడా బండి నిలకడగా ఉంటుంది. ఖాళీ పెట్టెలతోనూ ఊగుతోంది కనుక, తప్పంతా బరువుది కాదనే నా అభిప్రాయం.

టైర్లలో గాలి మాన్యువల్‌లో ఇద్దరికి చెప్పినంత పెట్టించాను, చక్రాలు బ్యాలెన్స్ చేయించాను, స్టీరింగ్ బేరింగులు చూపించాను, వెనక సస్పెన్షన్ ప్రీలోడ్ (స్ప్రింగు ముందస్తు బిగింపు) పెంచాను, రెండు వైపులా బరువు తూచి సమానంగా సర్దాను. ఫలితం లేదు. పెట్టె మూల పట్టుకుని కదిపితే ర్యాకు కింది భాగం వేలెడంత కదులుతోంది, ఎందుకంటే నంబరు ప్లేటు వెనకగా రెండు ర్యాకులను కలిపే అడ్డకడ్డీ లేదు. పైగా పెట్టెల మధ్యభాగం వెనక ఇరుసు కంటే జానెడు వెనక్కి ఉంది. మెత్తటి సంచులకు మారదామంటే కుడివైపు సైలెన్సర్ వేడి, శ్రీశైలం వంటి చోట్ల తాళం లేకుండా వదిలి వెళ్లాల్సి రావడం నన్ను వెనక్కి లాగుతున్నాయి.

ఇలాంటి ర్యాకుకు అడ్డకడ్డీ వేయించి ఊపు పోగొట్టుకున్నవారు ఎవరైనా ఉన్నారా, లేక పెట్టెలను ముందుకు జరిపితే తప్ప తగ్గదా?