మొదటి టరాంటులా: చిలీ రోజ్‌తోనే మొదలెట్టాలా, నచ్చింది తెచ్చేసుకోవచ్చా?

కొత్త_సాలీడు:
అందరికీ నమస్తే. ఆర్నెల్ల నుంచి టరాంటులాల (ఒంటినిండా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్ళ) గురించి చదవడం తప్ప వేరే పని లేదు నాకు, ఇంకా ఒక్కటి కూడా తెచ్చుకోలేదు. ఎవర్నడిగినా ఒకటే పాట, ఫస్ట్ చిలీ రోజ్ తీసుకో అని. నాకేమో అది మట్టిరంగులో ఓ మూల ముడుచుక్కూర్చునే రకంలా అనిపిస్తుంది, మనసంతా మెటాలికా అనే నీలం జాతి మీదుంది, ఆ నీలం చూస్తే నిద్ర పట్టట్లేదు. మొదటిదానికి మెటాలికా నిజంగానే పనికిరాదా, లేక పాతవాళ్ళు ఊరికే భయపెడుతున్నారా?

బొరియ_రాణి:
చిలీ రోజ్ మాట పాతకాలం మాట తమ్ముడూ. ఒకప్పుడు చిలీలో బయట పట్టి పంపినవి ఎక్కడ చూసినా అవే ఉండేవి, అందుకని అందరూ వాటితోనే మొదలెట్టారు, అదే సలహా ఇంకా నడుస్తోంది. నా దగ్గర ఒక ఆడది ఉంది, మహా మూడీ. ఒకసారి తొమ్మిది నెలలు ఏమీ తినలేదు. కీచురాయిని వేస్తే అది పోయి దీని కాలి మీదెక్కి కూర్చుంది, ఈవిడ గారు మెల్లగా కాలు పక్కకి జరుపుకుంది, అంతే. అదేం జబ్బు కాదని ఇప్పుడు తెలుసు గానీ కొత్తలో రోజూ ఏడుపే. నన్నడిగితే కర్లీ హెయిర్ తీసుకో, శాస్త్రీయ నామం ట్లిల్టోకాట్ల్ ఆల్బోపిలోసస్, పాత పుస్తకాల్లో బ్రాకిపెల్మా కింద ఉంటుంది. తిండిపోతు, మట్టి తవ్వుతుంది, చూడ్డానికి ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది.

పాతమట్టి:
రాణి గారూ, తినకపోవడం దాని తప్పెలా అయింది? పొట్ట గుండ్రంగా ఉండి గిన్నెలో నీళ్ళుంటే వదిలెయ్యడమే. ఆ ఓపిక లేనోళ్ళు చేపలు పెంచుకోవచ్చుగా. చిలీ రోజ్ ఆడది ఇరవై ఏళ్ళ దాకా బతుకుతుంది, పొడి మట్టి, నీళ్ళ గిన్నె, దాక్కోడానికి ఓ బెరడు ముక్క, అంతే దాని సంసారం. మీ కర్లీని బుజ్జి పిల్లగా, అంటే స్లింగ్‌గా తెచ్చుకుంటే ఆడో మగో లాటరీ, మగదైతే పెద్దయిన ఏడాదికో రెండేళ్ళకో పోతుంది. ఏ జాతికైనా అంతే అనుకోండి.

మెటాలిక్_పిచ్చి:
నా మొదటిదే మెటాలికా, నాలుగేళ్ళయింది, ఒక్క కాటు లేదు. అది కోపిష్టి అని ఎవరన్నారో గానీ ఉత్త పిరికిది, లైట్ వేస్తే బెరడు వెనక్కి పారిపోతుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, దానికి దురద వెంట్రుకలు ఉండవు. అమెరికా ఖండాల జాతులు చాలా మటుకు పొట్ట మీద వెంట్రుకలు వెనక కాళ్ళతో గీకి మన మీదకి వదుల్తాయి, మీరు సేఫ్ అనే రెడ్ నీ జాతి ట్యాంక్ క్లీన్ చేసి రెండ్రోజులు చేతులు గోక్కున్నవాళ్ళని చూశా. జాగ్రత్తగా ఉండేవాడికి జాతి ఏదైతేనేం.

బొరియ_రాణి:
అందులో నీ అదృష్టం కూడా ఉంది బ్రో. కొత్తవాళ్ళు తప్పు చెయ్యడం ఖాయం, ఆ తప్పుకి ఎంత అనుభవించాలి అన్నదే లెక్క. కర్లీ దగ్గర తప్పు చేస్తే దురద. పోకీ (మెటాలికా ఉన్న పెసిలోథీరియా గుంపు) దగ్గర చేస్తే, కరిచిందంటే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధ, ఒక్కోసారి వారాల తర్వాత కూడా తిరగబెడుతుంది, విరుగుడు ఇంజెక్షన్ లాంటిదేం లేదు. ప్రాణం పోదులే, అయినా ఆ నొప్పి ఎవరిక్కావాలి.

నా సంగతే చెప్తా. పోకీకి నీళ్ళు పోద్దామని మూత రెండు వేళ్ళ సందు తెరిచా. అది బెరడు మీదుంది, కళ్ళారా చూశా. సీసా ఒంచానో లేదో బెరడు ఖాళీ. ఎటు పోయిందా అని వెతుకుతుంటే మోచేతి దగ్గర చక్కిలిగింత. ఊపిరి బిగబట్టి నిలబడ్డా, కాసేపటికి అదే దిగి గోడెక్కింది, ప్లాస్టిక్ డబ్బాలో పట్టేసరికి ముప్పావుగంట పట్టింది. అప్పటికే నాకు ఏడేళ్ళ అనుభవం. మొదటి నెలలో అయ్యుంటే చెయ్యి విదిలించేదాన్ని, అదైనా చచ్చేది, నన్నైనా కరిచేది.

దురద_బాబు:
వెంట్రుకల గురించి మెటాలిక్ బ్రో చెప్పింది తీసిపారెయ్యకండి. ఇంగ్లాండ్‌లో ఒకాయన ట్యాంక్ తుడుస్తుంటే లోపలున్న సాలీడు వదిలిన వెంట్రుకలు కంట్లో గుచ్చుకున్నాయి, ఎరుపు వారాలైనా తగ్గలేదు, 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందా కేసు. ఆ సాలీడు ఏదనుకున్నారు, పాపం సాధువు అని మనమనే చిలీ రోజే. మొహం దగ్గర పెట్టొద్దు, కళ్ళజోడు పెట్టుకోండి, ఆ చేత్తో కళ్ళు నలపొద్దు.

పాతమట్టి:
టాపిక్ మెటాలికా మీదకి పోయింది కాబట్టి చెప్తున్నా, దాన్ని గుత్తి సఫైర్ అనేది మన గుత్తి పేరు మీదే. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త అక్కడ దొరికినదాన్ని చూసి పేరు పెట్టాడు, తర్వాత వందేళ్ళు అజాపజా లేదు, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనపడింది. గుత్తికి రైల్లో కలపతో పాటు వచ్చి ఉంటుందంటారు. ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువున్నవాటిలో ఇదొకటి, 2019 నుంచి పోకీలన్నీ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలో ఉన్నాయి. అడవిలో పట్టింది ఇస్తానని ఎవడైనా అంటే దణ్ణం పెట్టి వచ్చెయ్. ఇప్పుడైనా మూడేళ్ళ తర్వాతైనా పెంపకంలో పుట్టినదైతేనే, అదీ కాగితాలుంటేనే.

కొత్త_సాలీడు:
రాణి అక్కా, ఆ మోచెయ్యి కథ చదివాక మెటాలికా ప్రస్తుతానికి పక్కన పెట్టేశా. రంగు కోసం వెర్సికలర్ అనే జాతి పిల్ల ఎలా ఉంటుంది? లేదా చాకో గోల్డెన్ నీ?

బొరియ_రాణి:
వెర్సికలర్ పిల్లలు ముద్దొచ్చే నీలం, కానీ కొత్తవాళ్ళు ఎక్కువ పోగొట్టుకునేవీ అవే. తేమ కావాలని ఎక్కడో చదివి డబ్బా బిగించి రోజూ నీళ్ళు కొడతారు, గాలాడక పోతాయి. చాకో తీసుకో, మరీ చిన్న స్లింగ్ వద్దు, రెండు మూడు అంగుళాలది చూడు. మట్టి బాగా పొయ్యి, మట్టి నుంచి మూత దాకా ఎత్తు అది కాళ్ళు చాపినంత పొడవుకి ఒకటిన్నర రెట్లు దాటనివ్వకు, పైనుంచి పడితే పొట్ట పగిలిపోద్ది. ఏదో ఒక రోజు వెల్లకిలా పడుకుని కనిపిస్తుంది, చచ్చిపోయిందని పారేసేవు, అది కుబుసం విడవడం. లోపల కీచురాయి ఉంటే తీసెయ్, ఒళ్ళు మెత్తగా ఉన్నప్పుడు అదే దీన్ని కొరుకుతుంది.

కొత్త_సాలీడు:
సరే అక్కా, చాకోనే. మెటాలికా మూడేళ్ళ తర్వాత.

మెటాలిక్_పిచ్చి:
మూడేళ్ళు ఆగు, తప్పులేదు. అప్పుడు కూడా ఇక్కడికొచ్చి అడుగు, నేను మళ్ళీ ఇదే చెప్తా, రాణి గారు మళ్ళీ ఆ మోచెయ్యి కథే చెప్తారు.